తాతగారి ఆనందబాష్పాలు

మందారగిరి రాజుగారి పూలతోటలో ముత్తాతల నాటి చిన్న ట్రాక్టరు ఒకటుండేది. మూడు తరాల రాజులు తోలిన బండి కాబట్టి దాన్ని అందరూ "తాతగారు" అనేవారు, ఎదురుపడితే చెప్పులు విడిచేవారు. దాన్ని తోలే పైడయ్య ఎప్పుడూ పాతరకం చిక్కటి ఇంజను నూనే పోసేవాడు.

మంత్రి గుణభూషణుడికి అది నామోషీ అనిపించింది. పైడయ్య వద్దంటున్నా వినకుండా, ఎంతటి జిడ్డునైనా వదిలిస్తుందని పొగిడి, కొత్తరకం సింథటిక్ ఆయిల్ తెప్పించి పోయించాడు. కొత్త నూనె లోపలి మడ్డినంతా కడిగేసింది. నూనె కారకుండా ఆపే సీళ్లు అరిగిపోతే, వాటి సందుల్ని ఇన్నాళ్లూ పూడ్చి ఉంచింది ఆ మడ్డే. ఇక ఇంజను కింద ఒకటే ధార. ఆ నూనె పడి చామంతి మడి మాడిపోయింది.

రాజుగారు నిలదీశారు.

"అది కారడం కాదు ప్రభూ. మంచి నూనె తాగి తాతగారు రాలుస్తున్న ఆనందబాష్పాలు," అన్నాడు మంత్రి. "చామంతులు చచ్చింది పైడయ్య బండితో తొక్కించబట్టి. కొరడా దెబ్బలు కొట్టించండి."

రాజుగారు తలూపారు.

పైడయ్య చేతులు కట్టుకున్నాడు. "తమ చిత్తం. కానీ పెద్దల్ని అంతగా సంతోషపెట్టినవాడు వాళ్ల కాళ్లమీద పడి దీవెన తీసుకోవాలి గదా ప్రభూ. మంత్రిగారు ఇంకా తీసుకోలేదు."

రాజుగారికి అదీ నిజమే అనిపించింది. మంత్రి పట్టుబట్టలతోనే ఇంజను కింద సాష్టాంగపడ్డాడు. పైడయ్య ఇంజను స్టార్టు చేశాడు.

దీవెన నడినెత్తిన మొదలై వీపు దాకా వచ్చేసరికి, "కారుతోంది ప్రభూ, ఒట్టి నూనే," అని మంత్రి ఒప్పుకున్నాడు.

కొరడా మళ్లీ మేకుకెక్కింది. తాతగారికి కొత్త సీళ్లు వేశారు. ఎంతటి జిడ్డునైనా వదిలిస్తుందని మంత్రి పొగిడిన ఆ నూనె, ఆయన పిలకను మాత్రం నెల్లాళ్లు వదల్లేదు.