సగం బస్కీ

పోలినాయుడు వస్తాదుగారిని ఎవరైనా ఏదైనా అడిగితే, ఆయన ముందు అడిగినవాడి కాళ్ళకేసి చూస్తారు. తర్వాత మొహంకేసి చూస్తారు. ఆ తర్వాత ఏదో ఒక పని చెబుతారు. జవాబు మాత్రం చెప్పరు. బొబ్బిలిలో ఆయన కుస్తీ తాలింఖానా మట్టి తొక్కినవాళ్ళందరూ ఈ సంగతి ఎరుగుదురు. ఎరిగి కూడా అడుగుతూనే ఉంటారు. ఎంచేతంటే ఆయన చెప్పిన పని పూర్తయ్యేసరికి అడిగినవాడికి జవాబుతో అవసరం ఉండదు.

ఆ వేళ అడిగినవాడు తవిటినాయుడు. ఇంటర్ చదివే రోజుల్లో రోజుకి ఐదు వందల బస్కీలు తీసిన మనిషి. ఇప్పుడు నలభై ఆరేళ్ళు, తొంభై పైచిలుకు కిలోలు, బస్టాండు ఎదురుగా ఒక టిఫిను హోటలు. పాతికేళ్ళ తర్వాత తాలింఖానాకి వస్తూ చెప్పులు బయట విడవడం మరిచిపోలేదు గానీ, గడప దాటడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. లోపల అడుగు పెట్టగానే వేపనూనె, పసుపు, మజ్జిగ కలిపి తవ్విన ఎర్రమట్టి వాసన గుప్పుమంది. ఆ వాసనకి అతని ఒళ్ళు ఒక్క క్షణం పదిహేడేళ్ళది అయిపోయింది. మరుక్షణం బొడ్డు దగ్గర చొక్కా గుండీ బిగిసి, వయసు గుర్తు చేసింది. ముప్ఫై మంది కుమ్ముకునే గోదాలో ఇప్పుడు నలుగురే ఉన్నారు. మిగతావాళ్ళంతా పక్క వీధి ఏసీ జిమ్ముకి పోతున్నారట. పోనీలే, పోయినవాళ్ళలో తనూ ఒకడు కదా అనుకుని తవిటినాయుడు సిగ్గుపడ్డాడు.

అతను ఒళ్ళు తగ్గించుకోవాలనుకోవడం అందం కోసం కాదు. అన్నయ్య రామినాయుడికి కాలేయం పాడైంది. సారా వాసన కూడా ఎరగని మనిషికి ఆ జబ్బు ఎలా వచ్చిందో విశాఖపట్నం డాక్టర్లు తేల్చలేకపోయారు. తమ్ముడి కాలేయంలో ముక్క తీసి పెడితే బతుకుతాడని మాత్రం తేల్చారు. అయితే తమ్ముడి కాలేయానికి కొవ్వు పట్టి ఉంది. పన్నెండు కిలోలు తగ్గి వస్తేనే కత్తి పడతామన్నారు. గడువు నాలుగు నెలలు. అంతకు మించి అన్నయ్య ఆగలేడన్న మాట అన్నయ్య పక్కన లేనప్పుడు చెప్పారు. అప్పుడే రెండున్నర నెలలు గడిచిపోయాయి.

తవిటినాయుడు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఫోనులో ఒక యాప్ వేయించుకున్నాడు. అది అడుగులు లెక్కపెడుతుంది. ఏం తిన్నావో రాయమంటుంది. అన్నీ సక్రమంగా ఉంటే సాయంత్రానికి ఆకుపచ్చ చక్రం నింపి చప్పట్లు కొడుతుంది. అతని చక్రం రోజూ నిండుతోంది. ఆ లెక్కన ఇప్పటికి ఎనిమిది కిలోలు తగ్గాలి. కాటా మాత్రం మూడు దగ్గర భీష్మించుకు కూర్చుంది.

“ఫోను అబద్ధం ఆడదు కదా గురువుగారూ! నేను దాని మాట జవదాటడం లేదు. మరి ఈ ఒళ్ళు ఎంచేత వినడం లేదు?” అని అడిగాడు.

గురువుగారికి అతను చెప్పని సంగతులు రెండు ఉన్నాయి. చదివేవాళ్ళకి చెప్పకపోతే బాగుండదు. హోటలువాళ్ళ దృష్టిలో రుచి చూడడం తినడం కిందకి రాదు. ఉప్పు సరిపోయిందో లేదోనని మొదటి వాయిలోంచి ఒక గారె. గుల్లగా వచ్చిందో లేదోనని రెండో వాయిలోంచి ఇంకొకటి. కొబ్బరి చట్నీని ఉత్తినే ఎవరు నాకుతారు, అందుకని అరముక్క ఇడ్లీ. ఇదంతా వ్యాపారం. వ్యాపారాన్ని తీసుకెళ్ళి ఫోనులో ఎవరు రాస్తారు? ఇక రెండోది. ఒకనాడు ఫోను పిండి గ్రైండరు మీద పెట్టి మరిచిపోయాడు. తిరిగొచ్చి చూస్తే, ఆ అదురుకి కాబోలు, రెండు వేల అడుగులు ఎక్కి ఉన్నాయి. పప్పు తన బదులు నడిచిందని నవ్వుకున్నాడు. మర్నాడు కూడా ఫోను అక్కడే మరిచిపోయాడు. మూడోనాటికి దాన్ని మరుపు అనడం కష్టం. దగా చేద్దామని కాదు పాపం, అన్నయ్యంటే ప్రాణం పెట్టే మనిషే. చక్రం నిండిన ప్రతి సాయంత్రం అన్నయ్య బతుకు వైపు ఒక మెట్టు ఎక్కినట్టు అతనికి ధైర్యంగా ఉండేది. ఆ ధైర్యం లేకుండా అన్నయ్య ఇంటికి వెళ్ళి అతని మొహం చూడలేకపోయేవాడు.

వస్తాదుగారు కాళ్ళకేసి చూశారు. మొహంకేసి చూశారు.

“రేపు పొద్దున్న మీ అన్నని తీసుకురా.”

“అన్నయ్య నాలుగడుగులు నడవలేడండి.”

“నడవమన్నానేటి? కూర్చుంటాడు.”

ఈ తాలింఖానాలో మొదటి నుంచీ ఒక కట్టడి ఉంది. ఎవడి బస్కీలు వాడు లెక్కపెట్టుకోకూడదు, జతగాడు లెక్కపెట్టాలి. తవిటినాయుడికి ఆ రోజుల్లో జతగాడు సొంత అన్నయ్యే. ఉబ్బసం వల్ల రామినాయుడు ఎన్నడూ గోదాలో దిగలేదు. నానబెట్టిన శనగలు, బెల్లం ముక్క తువ్వాలులో మూటకట్టి ఒళ్ళో పెట్టుకుని, గట్టు మీద కూర్చుని అంకెలు చెప్పేవాడు. తమ్ముడు మడమల దాకా కూలబడి లేస్తేనే అంకె బయటికి వచ్చేది. సగంలో లేస్తే నోరు విప్పేవాడు కాదు. కాళ్ళు లాగేసే వేళ ఆ మౌనం కంటే దెబ్బలు నయం. తమ్ముడు ఏడ్చేవాడు, రాక్షసుడా అని తిట్టేవాడు, రేపటి నుంచి నువ్వు రావద్దనేవాడు. ఇంటిదారిలో మూట విప్పేసరికి అన్నీ మరిచిపోయేవాడు. శనగలు పంచేటప్పుడు పెద్ద పిడికిలి ఎప్పుడూ తమ్ముడిదే. ఆ దారి, ఆ చల్లటి పొద్దు, బెల్లం అంటుకున్న వేళ్ళు తవిటినాయుడికి ఇప్పటికీ గుర్తే. అంత హాయి మళ్ళీ ఎన్నడూ దొరకలేదు. తర్వాత హోటలు వచ్చింది, పెళ్ళిళ్ళయ్యాయి, వేరే కాపురాలయ్యాయి. అన్నయ్య అతని లెక్క పెట్టడం ఎప్పుడు మానేశాడో ఇద్దరికీ గుర్తు లేదు.

మర్నాడు పొద్దున్నే ఆటో వచ్చి ఆగింది. రామినాయుడి కళ్ళు పచ్చబడి ఉన్నాయి. చేతులు చిక్కిపోయి, పొట్ట మాత్రం ఉబ్బి ఉంది. తమ్ముడు ఎత్తుకున్నట్టుగా తెచ్చి గట్టు మీద కూర్చోబెట్టాడు. అన్నయ్య వంగి చిటికెడు మట్టి తీసి కళ్ళకద్దుకుని, “వాసన మారలేదురా,” అని నవ్వాడు.

తవిటినాయుడు ఫోను తీసి ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే, వస్తాదుగారు దాన్ని అతని దగ్గరే ఉంచుకోమన్నారు. ఆయనకి దానితో పేచీ ఏమీ లేదు.

“యాభై తియ్యి. రామినాయుడూ, లెక్క నీదే.”

రామినాయుడు సర్దుకుని కూర్చున్నాడు. గొంతు సన్నబడింది గానీ అంకెని కొంచెం సాగదీసి వదిలే తీరు ఎక్కడికీ పోలేదు. ఆ గొంతు వినపడగానే తవిటినాయుడికి ఎక్కడలేని హుషారు వచ్చింది. పది దాకా ఆడుతూ పాడుతూ తీశాడు. పదిహేను దాటాక ఊపిరి అందలేదు. ఇరవై రెండు దగ్గర తొడలు గజగజలాడాయి. ఆ తర్వాతిది సగం దిగి లేచేశాడు. లేచి, అన్నయ్య నోరు విప్పడని తెలిసి, మళ్ళీ దిగడానికి సిద్ధమయ్యాడు.

“ఇరవై మూడు,” అన్నాడు రామినాయుడు.

చూసుకోలేదేమో, కంటిచూపు కూడా తగ్గిందేమో అనుకున్నాడు తమ్ముడు. తర్వాతిది ఇంకా పైనే ఆగిపోయింది. “ఇరవై నాలుగు,” అని వినపడింది. తవిటినాయుడు తల తిప్పి చూశాడు. అన్నయ్య రెప్ప వేయకుండా తన మోకాళ్ళకేసే చూస్తున్నాడు. పచ్చబడిన ఆ కళ్ళనిండా నీళ్ళు.

ఒక్క సగం బస్కీ కూడా సాగనివ్వని మనిషి! ఈ యాభై ఎవరి ప్రాణానికో బాగా తెలిసిన మనిషి! తమ్ముడి ఆయాసం చూడలేక ఆ ప్రాణాన్నే చేజేతులా వదులుకుంటున్నాడు. తవిటినాయుడికి ఏడుపు ఆగలేదు. గ్రైండరు మీద తను నడిపించిన వేల అడుగులు ఎవరి రోజుల్లోంచి తీసి నడిపించాడో అతనికి అప్పుడు తెలిసింది.

“అన్నయ్యా, ఇరవై రెండే అయ్యాయి.”

“పోన్లేరా. అలిసిపోయావు.”

“ఇరవై రెండే!” అని కసిరి, మడమల దాకా దిగాడు. లేవడానికి చాలాసేపు పట్టింది. లేచాక, “ఇప్పుడు చెప్పు,” అన్నాడు. రామినాయుడు ఇరవై మూడు అన్నాడు.

యాభై పూర్తయ్యేసరికి ముప్పావుగంట అయింది. మధ్యలో మరో ఏడు సగం బస్కీల్ని అన్నయ్య ఒప్పుకున్నాడు, తమ్ముడు కొట్టేశాడు. రెండుసార్లు మట్టిలో చతికిలబడ్డాడు. గోదాలో ఉన్న నలుగురూ తమ కసరత్తు ఆపేసి ఈ విడ్డూరం చూస్తూ నిలబడిపోయారు. చివరి అంకె వినపడ్డాక తవిటినాయుడు అలాగే మోకాళ్ళ మీద కూలబడి, ఎవరూ అడగకుండానే అన్నాడు: “నేను రుచి చూడ్డం లేదు గురువుగారూ. తింటున్నాను.”

వస్తాదుగారు గట్టు దగ్గరికి నడిచారు. రామినాయుడి చంక కింద చెయ్యి వేసి లేవదీసి, మెల్లగా ఆటో దాకా నడిపించారు. మట్టి కూడా దులుపుకోకుండా తవిటినాయుడు వెనకాలే పరిగెత్తాడు.

“రేపణ్ణించి మీ అన్నని తిప్పకు. నువ్వొక్కడివే రా,” అన్నారు ఆయన.

“మరి లెక్క ఎవరు పెడతారండీ?”

వస్తాదుగారు రామినాయుడి కాళ్ళు జాగ్రత్తగా ఆటోలో సర్దారు. అప్పుడు తవిటినాయుడి మొహంకేసి తిరిగారు.

“ఇందాక ఎవరు పెట్టార్రా?”