ఆహా అన్న మాంత్రికుడు

ఏం చూశారో చెప్పండి! మొన్న గారడీవాడు వచ్చి వెళ్ళాడుగా, ఏం చూశారు? టెంక మొలకెత్తింది, పావురం మాయమైంది అంటారు. అది సరే. వాడి కళ్ళు ఎటు చూస్తున్నాయి? ఒక్కరూ చెప్పరేం? రెండు కళ్ళూ తెరుచుకుని కూర్చుని, ఏమీ చూడకుండా లేచి వచ్చారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. అందుకే ఈ కథ చెబుతున్నాను, వినండి.

ఏడు సముద్రాలకు ఇవతల, మన తాతల తాతలు కూడా పుట్టని కాలంలో, రత్నగిరి అనే రాజ్యానికి ఒక రాజుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, నడిమివాడు జయధ్వజుడు, చిన్నవాడు మణిమంతుడు. రాజుకు వినోదాలంటే పిచ్చి. ఒకనాడు కొలువుకు భ్రామరుడనే మాంత్రికుడు వచ్చాడు. నువ్వుగింజ విసిరాడు, ఏనుగు లేచి నిలబడింది.

"ఆహా!" అన్నాడు రాజు.

అంతే. ఆ మాట నోట్లోంచి రావడమేమిటి, రాజు గాలిలోకి లేచాడు. ఏడు సముద్రాలు దాటి మాంత్రికుడి దీవిలో ఒక రాతిపలక మీద పడ్డాడు. వాడి ఆటకు ఆహా అన్నవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా వాడు ఆడుతూనే ఉంటాడు, వీళ్ళు చప్పట్లు కొడుతూనే ఉంటారు. లేవలేరు. అరచేతులు పగిలి నెత్తురు కారినా ఆపలేరు. ఈ సంగతంతా భ్రామరుడే కొలువులో నవ్వుతూ చెప్పి మాయమయ్యాడు.

తండ్రిని తెస్తానని పెద్దవాడు కత్తి పట్టుకుని వెళ్ళాడు. కళ్ళు మూసుకుంటే మాయ తగలదనుకున్నాడు. కాని చుట్టూ ఆహా, ఆహా అంటుంటే, ఏమిటో చూద్దామని ఒక్క కన్ను తెరిచాడు. కూర్చుండిపోయాడు. నడిమివాడు "ఇదంతా బూటకం, నాకు తెలుసు" అనుకుంటూ వెళ్ళాడు. బూటకమని తెలిసినా బాగుందనిపించింది. అతనూ కూర్చుండిపోయాడు.

మణిమంతుడు కత్తి తీయలేదు. ఆటవాణ్ణి గెలిచే ఉపాయం ఆటవాళ్ళకే తెలియాలి అనుకున్నాడు. ఊరి బయట పగటివేషాలవాళ్ళు దిగి ఉన్నారు. పట్టపగలు వేషాలు కట్టుకుని వీధుల్లో తిరిగే మేళం వాళ్ళది. ఆ మేళానికి పెద్ద సింగారి. వయసు చిన్నదే, నోరు పెద్దది.

"నాకు వేషం కట్టడం నేర్పుతావా?" అన్నాడు.

"మీకు మళ్ళీ వేషమెందుకు బాబూ? పుట్టినప్పటి నుంచీ ఒకటి కట్టుకునే ఉన్నారుగా!"

"మా నాన్న చేతులు నెత్తురు కారుతున్నాయి."

సింగారి నవ్వు ఆగిపోయింది. "మూడు వేషాలు కట్టు. నెగ్గితే వెళ్ళు" అంది.

మొదటిరోజు గంగిరెద్దులవాడి వేషం. సంతలో చాకలి ఎల్లమ్మ చూసి పకపకా నవ్వింది. "ఎదురొచ్చినవాళ్ళే తప్పుకోవాలన్నట్టు నడుస్తున్నారు దొరా! గంగిరెద్దులవాడైతే తనే తప్పుకుంటాడు."

రెండోరోజు సోదెమ్మ వేషం. కట్టు కుదిరింది, నడక కుదిరింది. కాని సోదె చెబుతూ చెబుతూ, మెచ్చుకుంటున్నారా లేదా అని చుట్టూ చూశాడు. ఒక పిల్ల అరిచింది: "అమ్మా, ఈమె మన చేతులు చూడట్లేదే, మన మొహాలు చూస్తోంది!"

మూడోరోజు పోలమ్మ అనే ముసలమ్మ గుమ్మం ముందు, ఏనాడో దేశాలు పట్టి పోయిన ఆమె తమ్ముడిలా నిలబడ్డాడు. పోలమ్మ కావలించుకుని ఏడ్చింది. "కూర్చోరా, నీకిష్టమని ఉలవచారు కాస్తాను" అంటూ పొయ్యి రాజేసింది. మణిమంతుడు సంతోషం పట్టలేక సింగారి దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"నెగ్గాను!"

"వేషం విప్పావా?"

"విప్పడమేమిటి? నమ్మింది కదా, చాలదా?"

సింగారి అతని తలపాగా లాగి నేలకు కొట్టింది. "నమ్మించడం దొంగకూ చేతనవును! మావాళ్ళు ఏ ఊళ్ళో ఎన్ని వేషాలు కట్టినా, పోయేముందు రంగు కడుక్కుని, ఇదిగో నా అసలు మొహం ఇదీ అని ఇంటింటికీ చూపించి దణ్ణం పెట్టి పోతారు. విప్పితే ఆట, విప్పకపోతే మోసం. పో, అక్కడ ఉలవచారు మరుగుతోంది!"

వెళ్ళాడు. గుమ్మంలోనే రంగు కడుక్కున్నాడు. పోలమ్మ చీపురు తిరగేసి రెండు వడ్డించింది. ఆ తరువాత, "వాడూ ఇలాగే గుమ్మం పట్టుకుని నిలబడేవాడు. నీకెలా తెలిసిందిరా?" అని అడిగి, విస్తరి వేసింది.

మర్నాడు సముద్రపుటొడ్డున ముసలి తాబేలు అతన్ని చూసి నిట్టూర్చింది.

"ఎక్కు నాయనా. మీ అన్నలనూ నేనే మోశాను. పోయేవాళ్ళే గాని వచ్చేవాళ్ళు లేరు."

ఒకటో సముద్రం దాటారు, రెండోది దాటారు, ఏడోది దాటారు. అప్పుడు తాబేలు రహస్యం చెప్పింది. "వాడి ప్రాణం చిలుకలో ఉంది. జనం నెత్తిమీద పంజరంలో వేలాడుతుంటుంది. ముందు ఆహా అనేది అదే, దాని వెనకే జనం. వాడి చూపు దానిమీద ఉన్నంతసేపూ పంజరాన్ని ముట్టుకున్నవాడు బూడిదే."

మణిమంతుడు బండ చాటున మూడు రోజులు కూర్చున్నాడు. మొదటిరోజు ఏనుగు లేచింది. అతను ఏనుగును చూడలేదు, మాంత్రికుడి కాళ్ళు చూశాడు. ఎడమకాలు ఈడుస్తున్నాడు. రెండోరోజు సముద్రం గోడలా నిలబడింది. అతను సముద్రాన్ని చూడలేదు, వాడి చేతులు చూశాడు. వేళ్ళు వణుకుతున్నాయి. మూడోరోజు పట్టపగలు చుక్కలు పొడిచాయి. అతను చుక్కలు చూడలేదు, వాడి కళ్ళు చూశాడు. ప్రతి ఆటకూ ముందు ఆ కళ్ళు భయంభయంగా చిలుక వైపు తిరుగుతున్నాయి. మెచ్చుకుంటుందా, మెచ్చుకోదా అని! ఇంతటివాడికి ఇదేం భయమని అతనికి వింతగా తోచింది.

నాలుగోరోజు భ్రామరుడి ఎదుటికి ఇంకో భ్రామరుడు నడిచొచ్చాడు.

"ఎవడ్రా నువ్వు?"

"భ్రామరుణ్ణి. నువ్వెవడివి?"

కొత్త భ్రామరుడు ఏనుగును లేపలేదు, చుక్కలు పొడిపించలేదు. ఎడమకాలు ఈడ్చాడు. వేళ్ళు వణికించాడు. భయంభయంగా చిలుక వైపు చూశాడు. మాంత్రికుడు ఎత్తిన మంత్రదండం దించేశాడు. అన్నాళ్ళూ అందరికీ చూపించడమే గాని, వాడు కూర్చుని చూసిందెప్పుడు? మెడ చాచాడు. ఒకడుగు ముందుకు వేశాడు.

"నేనిలా చూస్తానా? ఇంత భయంగానా?" అన్నాడు. ఆ పైన తనకు తెలియకుండానే, "ఆహా!" అన్నాడు.

అన్నాడో లేదో, రాతిపలక మీద కూలబడ్డాడు. చేతులు చప్పట్లు కొట్టసాగాయి. చూపు కొత్త భ్రామరుడి మొహానికి అతుక్కుపోయింది. మణిమంతుడు చెయ్యి మాత్రం వెనక్కి చాచి పంజరం తలుపు తీశాడు. చిలుక ఆహా అనలేదు. కీచుమని తన అరుపు తాను అరిచి ఎగిరిపోయింది. మాంత్రికుడు పొగలా చెదిరిపోయాడు.

జనం మాత్రం లేవలేదు. ఎందుకు లేస్తారు? వాళ్ళకు భ్రామరుడు ఎదుటే ఉన్నాడాయె! వేల చేతులు ఇప్పుడు మణిమంతుడికి చప్పట్లు కొడుతున్నాయి. ఆ చప్పుడు అతని ఒంట్లోకి వెచ్చగా పాకింది. ఇంకొక్కసారి నడిచి చూపిద్దామా అనిపించింది. నడిచాడు కూడా! ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. మూడోసారి ముందు వరసలో కూర్చున్న తండ్రి అరచేతిలోంచి ఒక నెత్తుటిచుక్క చింది అతని చెంపమీద పడింది.

సముద్రంలోకి పరుగెత్తి రంగు కడుక్కున్నాడు. తిరిగొచ్చి దణ్ణం పెట్టాడు. "నేను మణిమంతుణ్ణి. ఇందాక మీరు చూసింది నా మొహం కాదు."

చప్పట్లు ఆగాయి. "ఒరే చిన్నోడా!" అన్నాడు రాజు. జనం ఒళ్ళు విరుచుకుంటూ లేచారు.

రత్నగిరి చేరాక మణిమంతుడు సింగారిని పెళ్ళాడతానన్నాడు.

"రాణి వేషమా? రోజూ సాయంత్రం విప్పేస్తాను, సమ్మతమేనా?" అంది ఆమె.

"నేనూ విప్పేస్తాను" అన్నాడు.

ఏడు రోజులు పెళ్ళి జరిగింది. పిల్లాపాపలతో అరవై ఏళ్ళు చల్లగా ఏలారు.

జనం లేచారన్నాను గాని, ఒకడు లేవలేదు. నడిమి అన్న జయధ్వజుడు. "ఎందుకు విప్పావురా? బాగుంది కదా!" అని తమ్ముణ్ణి కసిరాడు. మణిమంతుడు చెయ్యి పట్టి లాగాడు. "మీరు పదండి. ఇంకెవరైనా వచ్చి ఆడతారేమో చూస్తాను" అన్నాడు జయధ్వజుడు. ఏటేటా తమ్ముడు తాబేలును పంపాడు. ఏటేటా అది ఖాళీ వీపుతో తిరిగొచ్చింది. మాంత్రికుడు లేడు, చిలుక లేదు, కాళ్ళకు సంకెళ్ళు లేవు. మరి అతన్ని ఆ రాతిమీద కూర్చోబెట్టిందేమిటి?