చెవిలో మోగిన ఉంగరం

చిదంబరయ్యగారికి ఒక అలవాటు ఉండేది. శాస్త్రంలో సందేహం అడిగితే శాస్త్రంతోనే సమాధానం చెప్పేవారు. అడిగిన ప్రశ్న వెనక మనిషి దాక్కుని ఉన్నాడనిపిస్తే మాత్రం చేతిలోని పుస్తకం మూసి, జరిగింది ఒకటి చెబుతాను విను అనేవారు. ఆయన పుస్తకం మూశారంటే మాకు సరదా, అడిగినవాడికి గండం.

ఆ రోజు అడిగినవాడు త్రివిక్రమరావు. హైస్కూల్లో తెలుగు పండితుడు, మా అందరిలోకీ బాగా చదువుకున్నవాడు. 'యథార్థవాది లోకవిరోధి' అన్న మాటను ఇంటిపేరులా వాడుకునేవాడు. అంతకు ముందు ఆదివారం సత్సంగంలో ముసలి మాలకొండయ్య ఎప్పటిలాగే తంబుర మీటుతూ ఒక తత్వం పాడి, ఇది మా గురువుగారికి గురువైన పెద్దగురువుగారు తనను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిందని చెప్పుకున్నాడు. ఆ మాట అతను ఏళ్ళ తరబడి అంటూనే ఉన్నాడు, మేము ఏళ్ళ తరబడి తల ఊపుతూనే ఉన్నాం. త్రివిక్రమరావు ఊపలేదు. పెద్దగురువు సిద్ధి పొందేనాటికి మాలకొండయ్య పాలు తాగే పిల్లవాడని అందరి ముందూ తేల్చి చెప్పాడు. చెప్పింది నిజమే. ముసలివాడు తంబురకు గుడ్డ చుట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ సత్సంగానికి రాలేదు.

"ఎరిగిన నిజాన్ని ఎరగనట్టు ఊరుకుంటే అది అబద్ధం కాదా, గురువుగారూ?" అని అడిగాడు త్రివిక్రమరావు. కాదంటే వాదించడానికి సిద్ధంగానే వచ్చాడు.

గురువుగారు పుస్తకం మూశారు. ఊరి పేరు అడగవద్దనీ, మనుషుల పేర్లు తాను పెట్టినవేననీ, ఈ సంగతి తనకు ఎవరు చెప్పారో అదీ అడగవద్దనీ ముందే హెచ్చరించి మొదలుపెట్టారు.

కృపానందం అని ఒక ఫిజిక్స్ లెక్చరర్ ఉండేవాడు. సెలవు వస్తే ఇంటిపట్టున ఉండేవాడు కాదు. చివర పళ్ళెం బిగించిన పొడుగాటి కర్ర ఒకటి చేతిలో, హెడ్‌ఫోన్లు చెవులకు. మెటల్ డిటెక్టర్ పట్టుకుని చేలూ ఏటి ఇసుకలూ తిరగడం అతని సరదా. నేలలో లోహం ఉంటే మోత వస్తుంది, అది అతని చెవులకు తప్ప ఇంకెవరికీ వినపడదు. ఇనుముది ఒక గొంతు, రాగిది ఒకటి, బంగారానిది ఇంకొకటి అని మురిసిపోతూ చెప్పేవాడు. మొదట్లో దొరికినవన్నీ సీసా మూతలూ, నట్లూ, గుట్కా పొట్లాల రేకులూ. భార్య వాటిని గడపలోకి రానిచ్చేది కాదు. తవ్వగా తవ్వగా చెవి తేరింది. ఆ తరువాత చుట్టుపక్కల ఎవరి ముక్కుపుడక జారినా, ఎవరి బీరువా తాళంచెవి పడిపోయినా అతనికే కబురు వెళ్ళేది. పైసా పుచ్చుకునేవాడు కాదు, పొగడ్త మాత్రం దండిగా పుచ్చుకునేవాడు. నేలలో ఉన్నది తన చెవిని దాటిపోదని మీసం మీద చెయ్యి వేసి చెప్పేవాడు. అది ఉత్త గొప్ప కాదు, అంతవరకూ ఏనాడూ వట్టి చేతులతో తిరిగి రాలేదు.

ఒకసారి పేరమ్మ అనే రైతు ఇల్లాలు అతన్ని పిలిపించింది. పొగాకు తోటలో కలుపు తీస్తుంటే కోడలు అంజమ్మ పుస్తెలతాడు తెగి పడిపోయిందట. ఆ పిల్ల మెడ బోసిగా ఉండకూడదని పేరమ్మే పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి మెడలో వేయించింది. అయినా ఆమె మనసులో ఒక ముల్లు ఉంది. అంజమ్మ చెల్లెలు కులం కానివాణ్ణి చేసుకుంది. ఆ గడప తొక్కితే మళ్ళీ ఈ గడప తొక్కవద్దని పేరమ్మ కోడలికి ఏనాడో కట్టడి చేసింది. ఆ చెల్లెలు కాన్పు కష్టమై ఆస్పత్రిలో ఉందని ఊళ్ళో అనుకుంటున్న రోజుల్లోనే ఈ పుస్తెలు పోయాయి. గట్టు మీద చేరిన జనమంతా వినేలా పేరమ్మ ఒక మాట అంది.

"ఈ సారు మిషను తప్పదంట. చేలో ఉంటే దొరుకుద్ది. దొరకలేదా, చేలో లేదన్నట్టే."

కృపానందం హుషారుగా దిగాడు. సాలు వెంట సాలు, మొక్క విరగకుండా వెదుక్కుంటూ పోయాడు. ట్రాక్టరు బోల్టు దొరికింది, చెల్లని పావలా దొరికింది, ఏ పసిపిల్ల కాలినుంచో ఎప్పుడో జారిన వెండి మువ్వ ఒకటి దొరికింది. మువ్వను చూసి గట్టు మీదివాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. పుస్తెల జాడ మాత్రం లేదు. ఈ లోపల అతనికి ఒక సంగతి వింతగా తోచింది. వస్తువు పోగొట్టుకున్నవాళ్ళు నేలను చూస్తారు. అంజమ్మ నేలను చూడడం లేదు, అతని మొహాన్నే చూస్తోంది.

ఎండ ఎక్కాక ఆమే చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. దగ్గరలో ఎవరూ లేరు.

"నేలలో ఉంటే దొరుకుద్దన్నారు గదా సార్," అంది నెమ్మదిగా. "లేకపోతే?"

అతను చెంబు అందుకున్నాడు గాని తాగలేదు. ఆమె నాలుగు ముక్కల్లో చెప్పేసింది. చెల్లెలికి రక్తం ఆగలేదు, ఆపరేషన్ అన్నారు, ఎవరికీ చెప్పకుండా పుస్తెలు అమ్మేసింది. తల్లీ బిడ్డా బతికారు. అత్త చెడ్డది కాదు గాని అన్న మాట మీద నిలబడే మనిషి. తెలిస్తే గెంటేస్తుంది, పిల్లలను మాత్రం తనతో పంపదు. కాపాడమని అంజమ్మ అడగలేదు. చెంబు కోసం అలాగే నిలబడింది.

కృపానందానికి అప్పుడు అర్థమైంది. తాను ఎన్నడూ తప్పనివాడు కావడమే ఆమెకు ముప్పు అయింది. మిషను గొప్పదైతే ఆమె అబద్ధాలకోరు. గట్టు దగ్గరికి వెళ్ళి, ఈ నేలలో ఇనప పాలు ఎక్కువ, ఇక్కడ బంగారం పలకదు అని చెప్పాడు. పేరమ్మ తేలిగ్గా నమ్మే మనిషి కాదు. చిటికెడంత మువ్వను పట్టింది పుస్తెలను పట్టలేదా అని సాగదీసి, ఆ కొస సాలు మిగిలిపోయింది, అదీ చూసి పొమ్మంది.

చూడడానికి వెళ్ళాడు. సాలు మధ్యలో ఒక మొక్క మొదట చెవిలో మోగింది. బంగారం, అనుమానం లేదు. ఆ పిల్ల తనతో కూడా అబద్ధమాడిందా అనిపించింది. తల ఎత్తి చూస్తే గట్టు మీద జనం మాటలు ఆపేసి అతన్నే చూస్తున్నారు. సాలు పక్కనే వచ్చి నిలబడ్డ పేరమ్మ ఒక చెయ్యి కొంగు కిందికి లాక్కుంది. లాక్కునేలోపలే, ఎప్పుడూ ఉంగరం ఉండే వేలి మీద తెల్లటి గుర్తు అతనికి కనబడింది.

వంగి తవ్వితే అతని పేరు మరో పది ఊళ్ళకు పాకేది. అతను వంగలేదు. పళ్ళెం ఊపే చెయ్యి తడబడనివ్వకుండా సాలు చివరిదాకా నడిచాడు. పేరమ్మకు నమ్మకం కుదరడానికి తిరిగి అదే సాలులో వచ్చాడు. మళ్ళీ మోగింది. మొదటిసారి కంటే రెండోసారి దాటడమే కష్టమైందట.

పేరమ్మ వెళ్ళి వేళ్ళతో మట్టి తీసి, మిషనుకు పరీక్షగా తానే పూడ్చిపెట్టిన ఉంగరం పైకెత్తి చూపించింది.

"ఇనప ముక్కలు ఏరుకునేదానికా సారూ ఇంత బడాయి? పాతసామాన్లోడికి ఏసెయ్యి."

గట్టంతా ఒకటే నవ్వు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు పొద్దుటినుంచీ తిరిగాడన్నారు. ఎవరో ఫోన్లో తీస్తే సాయంత్రానికల్లా అది కాలేజీకి చేరింది. పేరమ్మ కోడలితో, పోయింది ఎటూ పోయింది, ఈ పంట అమ్మినాక మళ్ళీ చేయిద్దాంలే, ఇంటికి పద అంది. అంజమ్మ అత్త వెనకాలే నడిచింది. వెనక్కి తిరిగి చూడాలని ఆమెకు ఎంత అనిపించి ఉంటుందో, చూడలేదు. చూస్తే అంతా పాడయ్యేది.

ఆ తరువాత కృపానందాన్ని ఎవరూ వెదకడానికి పిలవలేదు. పిల్లలు 'ఉంగరం సారు' అని పేరు పెట్టారు. అతను గొప్ప మనసుతో నవ్వుకున్నాడని చెప్పడానికి లేదు, బాగా కుమిలిపోయాడు. క్లాసులో వెనక బెంచీల్లో నవ్వు పుట్టినప్పుడల్లా జరిగింది నాలుక చివరిదాకా వచ్చేది. మింగేసి పాఠం చెప్పుకునేవాడు.

గురువుగారు అంతటితో ఆపారు. త్రివిక్రమరావు, "ఎంతైనా ఆయన చేసింది అబద్ధమే కదండీ," అన్నాడు. గొంతులో ఇందాకటి బిగువు లేదు.

"అబద్ధమే నాయనా, కాదని నేననలేదు," అన్నారు చిదంబరయ్యగారు. "దాని ఖరీదు అతనే కట్టుకున్నాడు. నువ్వు చెప్పిన నిజానికి ఎవరి చేత కట్టించావు?"