రాజుగారి నుదుటి ముడతలు

పిల్లలూ, ఇంత దూరాన పెరుగుతున్న మీకు ఈ కథ ఎవరూ చెప్పి ఉండరు. వినండి.

ఒక రాజ్యంలో రాజు తీర్పు నోటితో చెప్పేవాడు కాదు. కనుబొమలు పైకెత్తితే క్షమించినట్టు, ఎత్తకపోతే కొరడా దెబ్బలు.

ఆ రాజు నుదుటిమీద నాలుగు ముడతలు పడ్డాయి. వాటిని పోగొడతామని ఇద్దరు వైద్యులు సూదిమందులు తెచ్చారు. ఒకరి మందు మూడు నెలలు పనిచేస్తుంది, రెండోవారిది ఆరు నెలలు.

రాజు తనకు రోజూ గడ్డం గీసే ఎల్లమందను పిలిచాడు. "నా ముఖం నీకే బాగా తెలుసు. ఏ మందు మంచిదో తేల్చు. తప్పు చెప్పావో, రాజ్యం విడిచి పోవలసిందే!"

"ముందు వైద్యులనే ఆ సూదులు పొడుచుకోమనండి, ప్రభూ."

పదిహేను రోజులకు వైద్యుల నుదుళ్ళు ఇత్తడి పళ్ళేల్లా నున్నబడ్డాయి. ఆ రోజే, ఆకలికి అరటిగెల దొంగిలించిన ముసలమ్మను సభకు తెచ్చారు.

"ఈ ఒక్క తీర్పు వైద్యులను మీలాగే చెప్పనివ్వండి," అన్నాడు ఎల్లమంద.

వైద్యులకు జాలేసింది. కళ్ళు పెద్దవి చేశారు, బుగ్గలు బిగించారు. మందుకు బిగుసుకుపోయిన కనుబొమలు మాత్రం కదలలేదు. భటుడు కొరడా ఎత్తాడు. రాజు కంగారుగా తన కనుబొమలు పైకెత్తాడు. కొరడా ఆగింది.

"చూశారా ప్రభూ? మూడు నెలలా, ఆరు నెలలా అంటే, ఎంతకాలం ఎవరినీ క్షమించకుండా ఉంటారని అడిగినట్టే. ఆ ముడతలు వయసువి కావు. క్షమించినప్పుడల్లా కనుబొమలెత్తగా పడ్డ గీతలు."

రాజు నుదురు తడుముకున్నాడు. "నా మంచి నాకే చూపించావు, ఎల్లమందా. నీ మేలు మరవను."

ముసలమ్మ రాజుకు దణ్ణం పెట్టింది. "నీ ముడతలు చల్లగుండ, నాయనా!"

మీ పిల్లలకూ ఇది చెప్పండి. మన తెలుగులోనే చెప్పండి.