మిణుగురు పొట్ట కింద స్క్రూ

ఒకప్పుడు మిణుగురు పురుగు వెలిగితే వెలిగినట్టే ఉండేది. ఆరడమనేదే తెలీదు. దాని పొట్ట కింద ఆవగింజంత స్క్రూ ఉండేది. పుట్టినప్పుడు అది ఎంతకు తిప్పి ఉంటే, చచ్చేదాకా అంతే వెలుగు.

మన మిణుగురమ్మ కాపురం రూతమ్మ కొట్టు పక్కన గోరింట పొదలో. గిటార్ మోతను పెద్దది చేసే పెట్టెలుంటాయే, రూతమ్మ వాటిని బాగుచేసేది. రోజూ పొద్దుగూకగానే వీధి పిల్లలంతా పొద చుట్టూ మూగేవాళ్ళు, మిణుగురమ్మను చూడ్డానికి.

ఒకనాడు కొట్లోకి ఒక పాత పెట్టె వచ్చింది. దాని లోపల రెండు గాజు ట్యూబులు నారింజ రంగులో వెలిగాయి. అంతే, పిల్లలు పొద మొహం చూడ్డం మానేసి కిటికీకి ముక్కులు ఆనించి నిలబడ్డారు.

మిణుగురమ్మకి కడుపు మండిపోయింది. "గాజు బుడ్లు! వాటికి రెక్కలా పాడా? ఏం చూసుకుని అంత మిడిసిపాటు?" అని సణిగి సణిగి, కుళ్ళు పట్టలేక కొట్లోకి ఎగిరింది.

రూతమ్మ ఎడమ చెయ్యి వీపు వెనక దాచుకుని, కుడిచేత్తోనే పెట్టెలోని చిన్న స్క్రూ కాస్త తిప్పి, మీటరు ఆనించి కొలుస్తోంది. రెండు చేతులూ లోపల పెడితే ఆ కరెంటు ప్రాణం తీస్తుంది మరి.

"రూతక్కా, నా స్క్రూ కూడా తిప్పు. వాటికంటే ఎక్కువ వెలగాలి నేను."

"ఇది వెలుగు కోసం తిప్పేది కాదే పిచ్చిదానా," అంది రూతమ్మ. "పాట లేనప్పుడు కూడా ట్యూబులో కాస్త కరెంటు పారుతుండాలి. తక్కువైతే పాట గరగరమంటుంది. ఎక్కువైతే లోపలి రేకు ఎర్రగా కాలి ట్యూబు చస్తుంది. అందుకే వెంట్రుకవాసి తిప్పి, వేడెక్కేదాకా ఆగి, మళ్ళీ కొలుస్తాను. నీ జోలికి మాత్రం రాను."

ఆమె టీ తాగడానికి వెళ్ళింది. మిణుగురమ్మ ఊరుకుంటుందా? కాలితో తన స్క్రూ తనే తిప్పుకుంది. ఏమీ కాలేదు. వేడెక్కేదాకా ఆగాలన్న మాటే మర్చిపోయి, ట్యూబులకేసి గుర్రుగా చూస్తూ ఇంకాస్త తిప్పింది. ఇంకాస్త. అప్పుడు అందుకుంది వేడి, తిప్పిందంతా ఒక్కసారే. పొట్ట ఎర్రగా కాలిపోసాగింది.

"అక్కా, చచ్చిపోతున్నానే!"

రూతమ్మ పరుగెత్తుకొచ్చి వెనక్కి తిప్పబోయింది. స్క్రూ అరిగిపోయి ఊరికే తిరుగుతోంది. "ఊపిరి బిగబట్టు, గాలి అందకపోతే మంట ఆరుతుంది," అంది.

బిగబట్టగానే వెలుగు ఆరింది. పొట్ట చల్లబడింది. ఊపిరి వదలగానే వెలిగింది, మళ్ళీ మంట.

"కాసేపు వెలుగు, కాలకముందే ఆరిపో. ఇక నీ బతుకంతా ఇంతే తల్లీ," అంది రూతమ్మ జాలిగా.

మిణుగురమ్మ ఏడుస్తూ బయటికి ఎగిరింది. సగంసేపు చీకటైన తనని ఇంకెవరు చూస్తారని దాని దిగులు.

"అరె, ఇక్కడే ఉందిగా, ఏదీ?" అంది ఎస్తేరు అనే పిల్ల. "అదిగో, అక్కడ తేలింది!" అంటూ పిల్లలంతా ట్యూబులను వదిలేసి దాని వెంటపడ్డారు.

అప్పటినుంచే మిణుగురు వెలుగుతూ ఆరుతూ ఎగురుతుంది. ఆరిన ఆ కాస్తసేపైనా నెమ్మదిగా ఉంటుందనుకున్నారా? పక్క మిణుగురు వెంట ఎంతమంది పిల్లలు పడ్డారో లెక్కపెట్టుకుంటుంది.