పేలాల సంచి

...అదే చెప్పొచ్చేది, మొదలుపెట్టడానికే ఇంతసేపు చేశాను, విసుక్కోకండి. ఆ పేలాల సంగతి అర్థం కావాలంటే ముందు ఎల్నాతాను అనే రైతు అడిగిన ప్రశ్న తెలియాలి. యెరూషలేము కాలిపోయిన ఏడాది అది. బబులోను సైన్యం పనికొచ్చే వాళ్లనల్లా చెరపట్టుకుపోయి, మిగిలిన బీదాబిక్కీ మీద ఒక అధికారిని పెట్టి వెళ్లింది. ఆ అధికారిని అక్కడి యూదావాళ్లే ఎవరో పొడిచి చంపారు. ఇంకేముంది, పగ తీర్చుకోవడానికి సైన్యం మళ్లీ దిగుతుందని ఊళ్లకు ఊళ్లు వణికిపోతున్నాయి. ఐగుప్తు, అదే ఈజిప్టు, పోతే బతుకుతామని అందరి నోటా ఒకటే మాట. అక్కడ గోడలున్నాయి, గుర్రాలున్నాయి, నది ఎండదు.

ఎల్నాతాను తన గురువు పెలట్యా దగ్గరికి వెళ్లి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "అయ్యా, ఉండాలా, పోవాలా? దేవుణ్ణి అడిగి చెప్పండి. ఆయన ఏది చెబితే అదే చేస్తాం, చేదుగా ఉన్నా సరే." మనస్ఫూర్తిగానే అడిగాడండీ, అబద్ధం కాదు. ఆ ముసలాయన అడగ్గానే జవాబు చెప్పే మనిషి కాదు. "అడుగుతాను. మాట వచ్చేదాకా ఆగు," అని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

ఒక రోజు ఆగాడు, రెండు రోజులు ఆగాడు. మూడో రోజు పొద్దున పక్కింటివాళ్లు గాడిద మీద మూటలు కడుతుంటే చూశాడు. గబగబా ఇంట్లోకొచ్చి విత్తనాల కుండ దించాడు. వచ్చే వానకు చల్లాల్సిన యవలు. మట్టితో మూతి మెత్తిన కుండ అది, తొలివాన పడేదాకా తెరవకూడదని వాళ్ల తాతల నాటి కట్టుబాటు. బబులోను ముట్టడి కాలంలో కడగొట్టు పిల్ల ఆకలితో కన్నుమూస్తున్నా తెరవలేదు.

"వేయించు," అన్నాడు భార్యతో. "దారిలో తినడానికి పేలాలుండాలి."

మిల్కా ఆ కుండ వంకే చూస్తూ నిలబడింది. "పిల్ల ఏడ్చినప్పుడు తియ్యనివ్వలేదు."

"అప్పటి సంగతి వేరు."

"దేవుడు ఉండమంటే?"

"ఉందాం. వద్దన్నానా?"

"ఉండి ఏం చల్లుతావు, పొయ్యిలో బూడిదా?"

"అనడులేవే! మనం చావాలని ఆయనకెందుకుంటుంది?"

ఆమె మట్టిమూత పగలగొట్టి, పెనం పెట్టింది. కమ్మటి వాసన సందు చివరిదాకా వెళ్లింది. గురువుగారి ఇల్లు ఆ చివరే.

పదో రోజున పెలట్యా వచ్చాడు. ఆ పది రోజుల్లో మనిషి సగమైపోయాడు. గడప బయటే నిలబడి చెప్పాడు. "ఉండమన్నాడు. దున్నుకోమన్నాడు. వాన ఇస్తానన్నాడు."

ఎల్నాతాను నోరు ఆగలేదు. సైన్యం వస్తే ఎవరు అడ్డం? కూలిపోయిన గోడల మధ్య ఎలా బతకడం? చివరికి అనేశాడు కూడా: "అయ్యా, ఇది దేవుడి మాటేనా? ఈ మట్టి మీద మీకున్న మమకారమా?"

ముసలాయన వాదించలేదు. "విత్తనాలు పట్రా. మొదటి నాగటి చాలు నేనే చల్లుతాను," అన్నాడు.

ఎల్నాతాను కదల్లేదు. మిల్కా లోపలికి వెళ్లి సంచి తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన చెయ్యి పెట్టి నాలుగు గింజలు తీసి, నోట్లో వేసుకుని, నెమ్మదిగా నమిలాడు.

"బాగా వేగాయమ్మా," అన్నాడు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. ఊరు దాటాక, పిల్లని పాతిపెట్టిన దిబ్బ దగ్గర మిల్కా ఒక్క క్షణం ఆగింది. ఎల్నాతాను ఆమె కోసం వెనక్కి తిరిగి చూస్తే, దుమ్ములో కర్ర పోటేసుకుంటూ పెలట్యా వస్తున్నాడు.

"వద్దన్నది మీరే కదయ్యా! మరి మాతో ఎందుకొస్తున్నారు?"

ముసలాయన వచ్చి గాడిద పక్కన నడక కలిపాడు. గాడిద నడుస్తుంటే సంచిలో పేలాలు గలగలమంటున్నాయి.

"అక్కడా నీకు భయమేస్తుంది నాయనా," అన్నాడు. "మళ్లీ దేవుణ్ణి అడగమంటావు."

ఆ మాటకి ఎల్నాతాను... ఆఁ? మా ఇంట్లో పిలుస్తున్నారండీ. వస్తున్నా, వస్తున్నానమ్మా, ఇదిగో...