శ్రాంతిదేవికి దొరికిన చోటు

పూర్వం త్రేతాయుగం ముగిసి ద్వాపరం కాలుమోపుతున్న సంధికాలంలో, గోదావరీ తీరాన రత్నవేదికాపురాన్ని రాజధానిగా చేసుకొని, సకలశాస్త్రపారంగతుడూ, దానవ్రతదీక్షితుడూ, అరివీరభయంకరుడూ అయిన అమితకేతుడనే మహారాజు రాజ్యం చేస్తూ ఉండేవాడు. ఆయన పాదం నేల సోకితే ఆ ఏడు వానలు కురవవని పురోహితులు సెలవిచ్చారు. ఎవరూ పరీక్షించి చూసిన పాపాన పోలేదు. ఆ మాట పట్టుకొని, పడకటింటి నుంచి భోజనశాలకు పోవాలన్నా, దేవతార్చనకు పోవాలన్నా ఆయన బంగారు పల్లకిలోనే వెళ్లేవాడు. ఆ పల్లకిని తరతరాలుగా ఒకే వంశపు బోయీలు మోస్తూ వచ్చారు. రాజుగారి పుణ్యాన వానలు పడుతున్నాయని లోకమంతా చెప్పుకునేదే గాని, బోయీల భుజాల పుణ్యాన అన్నవాడు ఒక్కడూ లేడు.

ఆ బోయీలలో ఒక ఆచారం ఉండేది. అలిసిపోయామన్న మాట నోట రానివ్వకూడదు. మోసేవాడు ఆ మాట అంటే ఎక్కినవాడికి అరిష్టమట. పెళ్లిపీటల మీదనే వధూవరుల చేత ఆ మేరకు ఒట్టు వేయించేవారు. కాళ్లు బొబ్బలెక్కినా, భుజం కాయకాచి పగిలినా, “మోతగాళ్లం, మాకు అలుపేమిటండీ” అని నవ్వేవారు. ఆ నవ్వు చూసి రాజులు నిజమే కాబోలనుకున్నారు. అనుకోవడం వాళ్లకు సుఖంగా ఉంది మరి.

బోయీలకు పెద్ద భద్రకుడు. అతనికి లేకలేక పుట్టినవాడు దృఢస్కంధుడు. బురదలో దిగబడిన రథచక్రాన్ని ఆ కుర్రవాడు ఒంటిచేత్తో పైకి లాగడం చూసి, మల్లక్రీడలంటే చెవి కోసుకునే అమితకేతుడు ముచ్చటపడి, వీణ్ణి పల్లకి కింద పెట్టకండి, మల్లశాలకు పంపండి అని ఆజ్ఞాపించాడు. సభామండపం ముందు గజపాదమనే నల్లరాతి గుండు ఒకటి ఉండేది. ఇంద్రోత్సవం నాడు దాన్ని రొమ్ముదాకా ఎత్తి యాగవేదిక చుట్టూ ఒక్కసారి తిరిగినవాడు ఏది కోరితే అది ఇస్తామని ఆ వంశపు రాజులు చాటిస్తూ వచ్చారు. ఎత్తినవాడు లేడు గనుక ఇచ్చిన రాజూ లేడు. దృఢస్కంధుడి కోరిక ఒక్కటే. ఆ గుండు ఎత్తాలి, తన వాళ్లను పల్లకి కింది నుంచి విడిపించాలి, అదీ తండ్రి బతికుండగా జరగాలి. భద్రకుడికి అప్పటికే దగ్గు పట్టుకుంది. మెట్లెక్కేటప్పుడు మోకాళ్లు వణుకుతున్నాయి.

మల్లశాలకు ఆచార్యుడు మితవ్రత మహర్షి. ఇంద్రియాలను గెలిచినవాడు, ఆయుర్వేదాన్ని ఆపోశన పట్టినవాడు. ఉన్న బలంలో సగానికి మించి సాధన చేయరాదని ఆయన నియమం. నుదుట చెమట పట్టి, ముక్కుకొన చెమర్చి, ఊపిరి నోటితో తీయవలసి వచ్చిందంటే సగం బలం ఖర్చయినట్టే, అక్కడితో చాలించి కుస్తీ గోదా విడిచి బయటికి రావాలి, మిగిలిన సగం ఒంట్లో ఇంకితేనే రేపటి బలం పుడుతుందని శిష్యులకు చెవినిల్లు కట్టుకొని చెప్పేవాడు. తెల్లవారగానే దృఢస్కంధుడు ఒళ్లంతా నువ్వులనూనె పట్టించి, ఎర్రమట్టిలోకి దిగి, భూదేవికి మొక్కి, దండీలు తీసి, గదలు తిప్పి, సంగడాలనే రాతి బరువులను ఒకదాని తరువాత ఒకటి భుజానికెత్తుకొని గోదా చుట్టూ నడిచి, చివరికి గజపాదానికి దీటుగా చెక్కించిన గుండు దగ్గరికి వచ్చేవాడు. గురువు జింకచర్మం మీద కూర్చొని శిష్యుడి చేతుల వంక గాని, గుండు వంక గాని చూడకుండా నుదురే చూస్తుండేవాడు. చెమట మెరవగానే చెయ్యి ఎత్తి ఆపేవాడు.

ఇంద్రోత్సవం దగ్గరపడేకొద్దీ ఆ ఎత్తిన చెయ్యి దృఢస్కంధుడికి గిట్టకుండా పోయింది. గోదాలోని ఎర్రమట్టి తీసి నుదుటికీ ముక్కుకూ దట్టంగా పూసుకొని, ఇది భూదేవి ప్రసాదమని చెప్పి, చెమట కనబడకుండా చేసి, సగం దాటి, ముప్పాతిక దాటి, ఒంట్లో ఉన్నదంతా తోడిపోసి ఇంటికి పోయేవాడు. కొన్నాళ్లు బాగానే సాగింది. తరువాత అన్నం సహించలేదు. నిద్రపోయి లేచినా పోనట్టే ఉండేది. చివరికి ఒకనాడు, వెనకటి పున్నమికి రొమ్ముదాకా వచ్చిన గుండు మోకాళ్లు దాటి రాలేదు. రెండోసారి పట్టుకున్నాడు, తొడల దగ్గర జారిపోయింది. మూడోసారి అసలు నేల వదలలేదు. అప్పుడు మహర్షి లేచి వచ్చి, తన ఉత్తరీయంతో శిష్యుడి నుదుటి మట్టి తుడిచి చూశాడు.

“నాయనా, నీవు బలాన్ని కూడబెట్టడం లేదు, అలసటను కూడబెడుతున్నావు. ఈ ఉత్సవం విడిచిపెట్టు. వచ్చే ఉత్సవానికి నీచేత ఈ గుండు ఎత్తించే పూచీ నాది.”

“వచ్చే ఉత్సవానికి మా నాయన ఉండడు స్వామీ” అన్నాడు దృఢస్కంధుడు. శాస్త్రంలో దానికి జవాబు లేదు.

ఆ మధ్యాహ్నం అందరూ వెళ్లిపోయాక అతడు ఆ గుండును పట్టుకొని, కదలకపోయినా విడవకుండా, గోళ్లలో నెత్తురు చిమ్మేదాకా పెనుగులాడి, కళ్లు బైర్లుకమ్మి పడిపోయాడు. పడినవాడి పక్కనే శ్రాంతిదేవి వచ్చి కూర్చుంది. ఆ తల్లిని పిలవడానికి వేరే మంత్రం అక్కరలేదు. సృష్టి మొదట్లో ప్రాణులు ఆగడం తెలియక, పరుగెత్తినవి పరుగెత్తుతూనే, మోసినవి మోస్తూనే చచ్చిపోతుంటే, విధాత కంగారుపడి, “ఇక చాలు” అని వాటి చెవిలో చెప్పడానికి ఈమెను తన ఆవులింతలో నుంచి పుట్టించాడు. అంత ఉపకారి అయిన దేవతకు గుడి లేదు, యజ్ఞంలో హవిర్భాగం లేదు. ఆమె గడప తొక్కిందంటే తిట్టనివాడు లేడు.

దృఢస్కంధుడు ఆ దుమ్ములోనే సాష్టాంగపడి, ఇంద్రోత్సవం దాకా తన ఒంటి మీదికి రావద్దని వేడుకున్నాడు. దేవి నిట్టూర్చింది.

“పొమ్మంటే పోతాను నాయనా. కాని నేను విధాత కన్న దాన్ని, నాకు చావు లేదు. నీ కష్టంలో పుట్టిన నేను ఎవరో ఒకరి భుజాన కూర్చోక తప్పదు. ఎక్కడికి పొమ్మంటావు?”

అప్పుడతడు ఆలోచించి మాట్లాడితే ఈ కథే లేదు. కాని పెళ్లిపీటల మీది ఒట్టుకు పుట్టినవాడు, పుట్టింది మొదలు “మాకు అలుపేమిటి” అన్న మాట వింటూ పెరిగినవాడు, ఆ గొప్పను నిజమని నమ్మినవాడు. నవ్వుతూ అనేశాడు.

“మా వాళ్ల దగ్గరికి పో తల్లీ. మోసి మోసి అలవాటుపడ్డవాళ్లు. నువ్వొచ్చినట్టు కూడా వాళ్లకు తెలియదు.”

“ముల్లోకాల్లోనూ నన్ను పొమ్మన్న ప్రతివాడూ మోసేవాళ్ల చిరునామాయే చెప్పాడు. బోయీ కడుపున పుట్టినవాడు చెప్పడం మాత్రం ఇదే మొదటిసారి” అని దేవి లేచి వెళ్లిపోయింది. అతనికి ఆ మాట బుర్రకెక్కలేదు. ఒళ్లు దూదిపింజలా తేలిపోతుంటే ఇంకేం ఎక్కుతుంది?

ఆనాటి నుంచి దృఢస్కంధుడి సాధనకు అడ్డూ ఆపూ లేకుండా పోయింది. గుండు రొమ్ముదాకా వచ్చింది, భుజం మీదికి వచ్చింది, తల మీదికి లేచింది. నుదుట తడి లేదు, ముక్కుకొన పొడిగా ఉంది, ఊపిరి నిదానంగా ఆడుతోంది. మితవ్రత మహర్షి చెయ్యి ఎత్తడానికి సందు దొరకక, ఎత్తినా వినేవాడు లేక, కలతపడి కూర్చుండిపోయాడు. ఇంటి దగ్గర మాత్రం బోయీలు పల్లకి దింపి రాగానే అరుగుల మీద ఎక్కడివాళ్లక్కడ కూలబడుతున్నారు. వండిన అన్నం గిన్నెల్లోనే చల్లారిపోతోంది. భద్రకుడు రెండు చేతులా గోడ పట్టుకొని గానీ లేవలేకపోతున్నాడు. ఏమైంది నాయనా అని కొడుకు అడిగితే, “ఏమీ లేదురా, వానాకాలం కదా, కీళ్లు పట్టేశాయి” అన్నాడు. ఒట్టు తప్పని మనిషి. కొడుకు నమ్మాడు.

ఇంద్రోత్సవం వచ్చింది. వేదఘోష మిన్నుముట్టింది. యాగవేదిక ముందు దృఢస్కంధుడు గజపాదాన్ని పట్టడానికి ముందు ఒళ్లు వేడెక్కడానికని ఒక సంగడాన్ని తీసి భుజానికెత్తాడు. సరిగ్గా అప్పుడే మండపం మెట్లెక్కుతున్న బంగారు పల్లకి ఒక పక్కకు ఒరిగింది. లోపలి నుంచి రాజుగారి కేక వినిపించింది. దృఢస్కంధుడు అటు చూశాడు. పల్లకి మోసే దండె ముందు కొమ్ము కింద తండ్రి, ఆ తండ్రి రెండో భుజం మీద, తనకు తప్ప ఎవరికీ కనబడకుండా, శ్రాంతిదేవి. ఆమె కూడా తల దించుకునే ఉంది. భుజం మీది సంగడాన్ని జారవిడిచాడు. తండ్రి కొంచెం నిలదొక్కుకున్నాడు. అంతా తెలిసిపోయింది.

పల్లకి దించగానే పరుగెత్తుకుంటూ పోయి తండ్రి కాళ్ల మీద పడి, జరిగినదంతా చెప్పి, నా నోటితో నేనే ఆమెకు మిమ్మల్ని చూపించానని వెక్కివెక్కి ఏడ్చాడు. భద్రకుడు కొడుకును తిట్టలేదు. ఆ మాట నీకు నేర్పింది మేమే కదరా అన్నాడు. తరువాత అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

“వెళ్లి ఎత్తు. ఆ రాయి లేచిందంటే నేను పోతాను, తెలుసు. పోతే నేనొక్కణ్ణే పోతాను, మనవాళ్లంతా బయటపడతారు. నాకెటూ ఆఖరే. ఎత్తరా నాయనా.”

దృఢస్కంధుడు గజపాదం దాకా నడిచాడు. రెండు చేతులూ దాని కిందికి పోనిచ్చాడు. బలం ఉంది. ఎత్తగలడు. తండ్రి కళ్లు మూసుకొని నిలబడి ఉన్నాడు. కొడుకు చేతులు ఆడలేదు. “తల్లీ, వచ్చెయ్యి. నావన్నీ నాకే ఇచ్చెయ్యి” అన్నాడు. అన్నాళ్ల అలసటా ఒక్కపెట్టున వచ్చి మీద పడింది. గజపాదం పక్కనే కూలిపోయాడు. సభ గొల్లున నవ్వింది. అమితకేతుడు నవ్వి, నవ్వి, కళ్లు తుడుచుకొని, ఈ మల్లుడు రాతికి పనికిరాడు, రేపటి నుంచి ముసలివాడి చోట పల్లకి మోస్తాడని ఆజ్ఞ ఇచ్చాడు.

కాని శ్రాంతిదేవికి మనసు ఆగలేదు. తనను పొమ్మన్నవారే గాని రమ్మని పిలిచినవాడు సృష్టిలో ఇంతవరకు లేడు. నిజరూపంతో సభలో సాక్షాత్కరించి వరం కోరుకోమంది. దృఢస్కంధుడు నేల మీద నుంచి తల ఎత్తే ఓపిక కూడా లేక, పడుకునే అడిగాడు.

“ఎక్కినవాడి కోసం పడే అలసట ఎక్కినవాడికే చెందాలి తల్లీ.”

“తథా...” అన్నదో లేదో ఆకాశం దద్దరిల్లింది. చతుర్ముఖుడు హంస మీద, ఇంద్రుడు ఐరావతం మీద, శ్రీహరి గరుత్మంతుడి మీద, పరమశివుడు నంది మీద ఆదరాబాదరా దిగివచ్చారు. దిగాక ఎవరి వాహనాన్ని వారు తమ వెనక్కి దాచుకోబోయారు. సూర్యభగవానుడైతే తొడలు లేని సారథి అనూరుడి ముఖం చూడలేక కిరణాలు ముడుచుకున్నాడు. చివరికి విధాతే గొంతు సవరించుకున్నాడు.

“కుమారీ, ఆ మాట పూర్తిచేయకు. అధిరోహించినవారు అలసిపోతే ధర్మాన్ని రక్షించేదెవరు? వర్షాలు కురిపించేదెవరు?”

“మోసేవాళ్లు అలిసిపోతే స్వామీ?” అన్నాడు దృఢస్కంధుడు.

“వారికి అలవాటు” అన్నాడు విధాత. ఆ మాటకు దృఢస్కంధుడు చెంప మీద కొట్టినట్టై కళ్లు మూసుకున్నాడు. తాను అన్న మాటే కదా.

దేవతలు తమలో తాము తర్కించుకొని, నోట వెలువడిన సగం వరాన్ని వృథా పోనివ్వకూడదని నిశ్చయించి, మహాకరుణతో ఒక ఏర్పాటు చేశారు. అంతకు ముందు బోయీలు ఏ భుజంతో బయలుదేరితే ఆ భుజంతోనే గమ్యం చేరాలి. ఇక మీదట ఆచంద్రార్కం దారిలో భుజం మార్చుకోవచ్చునని అనుగ్రహించారు. దుందుభులు మోగాయి, పూలవాన కురిసింది. అమితకేతుడు పరమానందభరితుడై, లోకం తిరిగి గాడిన పడిందని పండితుల చేత పద్యాలు చదివించాడు. దేవతలు ఎవరి వాహనం వారెక్కి వెళ్లిపోయారు. శ్రాంతిదేవి ఒక్కతే నడిచి వెళ్లింది.

మర్నాడు పల్లకి బయలుదేరింది. ముందు దండె కింద దృఢస్కంధుడు ఉన్నాడు. ఒళ్లంతా పుండులా ఉంది, అయినా మోస్తున్నాడు. వానలు ఆ ఏడు బాగానే కురిశాయని చెబుతారు. ఈ కథ విన్నవారికి సుఖసంతోషాలు కలుగుతాయని చెప్పి ముగించడం మా కథలు చెప్పేవాళ్ల పద్ధతి. నాకు ఇవాళ ఆ మాట నోటికి రావడం లేదు. ఇక లేచి నడవలేని భద్రకుడు ఇంటి అరుగు మీద కూర్చొని కొడుకు పోతున్న వైపే చూస్తూ, వినబడేంత దూరం కేకవేసి చెబుతూనే ఉన్నాడు.

“అడుగు చిన్నది వెయ్యి నాయనా. దొరగారికి కుదుపు తగులుతుంది.”